పది సీసీలు

ఆదోనిలో ఎండ పదిన్నరకే పత్తి యార్డు గేటు దాటి
నా టేబులు మీదికొస్తుంది.
రెండు స్టాంపు ప్యాడ్లు, ఒక ప్రింటరు,
పాలసీ కాగితాలు ఎగరకుండా
ఒక పాత కిలో రాయి.
అది ఇచ్చింది ఉరుకుందప్పే.
"ముద్రకు నిలబడలేదుమా, ముప్పై గ్రాములు అరిగిపోయింది.
కాగితాలకైతే సరిపోతాది" అని.

కాటాలు బాగుచేసే మనిషి.
ఎమ్మిగనూరు, ఆలూరు, పత్తికొండ, సంతలన్నీ
ఎనభై ఏడు మోడలు బుల్లెట్టు మీదే.
వెనక డబ్బాలో తక్కెడ గొలుసులు, సీసం ముక్కలు.
బండి ఇంకా సందు మలుపులో ఉండగానే
నా టీ గ్లాసులో వలయాలు లేస్తాయి.

ప్రతి ఏడూ అదే తగువు.
"ఇప్పుడు దీన్ని పాతినుమోడు గూడా బేరమాడి తీసుకుంటాడు.
ఇది పోతే మీ కంపెనీ నాకు పైసా ఇయ్యదు.
కట్టేది మాత్రం ఒక్క రూపాయి తగ్గదే?
పక్కింటి పిల్లోడు నిన్నగాక మొన్న నూటపాతిక కొన్యాడు,
గాల్లో పోతాడు. వానికి నాకన్నా సగం.
నాది నలభై దాటితే నట్లు రాల్తాయి."

ప్రతి ఏడూ నేనూ అదే చెబుతాను.
ఇది మీ బండికి కాదన్నా,
మీ బండి కింద పడబోయే, మీకు పేరు తెలియని మనిషికి.
బండి ధర తగ్గుతుంది,
మోకాలి చిప్ప ధర తగ్గదు.
ఈ రేటుకు వయసు కనబడదు, వేగం కనబడదు,
సిలిండరులో ఎంత ఖాళీ ఉందో అదే కనబడుతుంది.
డెబ్బై ఐదు దగ్గర ఒక గీత, నూటయాభై దగ్గర ఒకటి,
మూడొందల యాభై దగ్గర ఇంకొకటి.
మీది మూడొందల నలభై ఆరు.
నాలుగంటే నాలుగు సీసీల ఇవతల ఉన్నారు, సంతోషించండి.

ఈ ఏడు తగువాడలేదు.
కూర్చున్నాడు. సంచిలోంచి
పాత పిస్టన్ తీసి టేబులు మీద పెట్టాడు,
పక్కనే వెర్నియరు.
"హుసేన్‌పీరా బోరు కొట్టినాడుమా. రెండోసారి.
డెబ్బై మిల్లీమీటర్లది డెబ్బై ఒకటైంది.
లెక్కేస్తే మూడొందల యాభై ఆరు.
నీ గీత దాటినా."

నవ్వాను. ఆయన నవ్వలేదు.

"రాయి అరిగితే తూకం తగ్గుతాది.
ఇంజను అరిగితే పెరుగుతాది.
ముప్పై ఏండ్లు అంగడంగడికీ పోయి
ముద్రకూ బరువుకూ తేడా ఉండగూడదని కొట్లాడినా.
ఇప్పుడు నేనే ముద్ర ఒకటి, బరువొకటి
కాళ్ళ మధ్య పెట్టుకొని తిరుగుతాండా."

గీత దాటితే రేటు రెండింతలు.
సంతల్లో ఇప్పుడన్నీ అంకెలు వెలిగే కాటాలే,
ఆయన చొక్కా జేబు ఎంత పలచనో నాకు తెలుసు.
ఆర్సీలో ఉన్నదే కొట్టగలను అన్నాను.
కంప్యూటరు ఇంకో అంకె తీసుకోదు,
ఆర్టీవో ఆఫీసుకు పోతే
బోరు కొలవమని వచ్చిన మొదటి మనిషి మీరే అవుతారు.

"అంటే అబద్ధం రాస్తావు."
"పాత నిజం రాస్తాను."

పిస్టన్ చేతిలోకి తీసుకున్నాను.
ఒక పక్క అంతా గీతలు,
ఆలూరు దారిలో గుంతలన్నీ
ఎవరో గోటితో గీసినట్టు.

"ఇంకోసారి అరిగితే బోరుకు చోటు లేదంట.
స్లీవు ఏస్తాడంట. మళ్ళా డెబ్బైకే వస్తాదంట."
"అప్పుడు సరిపోతుంది కదన్నా."
"మరి అందాక?"

దానికి నా ఫారంలో గడి లేదు.

నాలుగో కిక్కుకు పలికింది బండి.
టీ గ్లాసులో వలయాలు
నిరుటికన్నా వెడల్పుగా ఉన్నాయో,
నాకే అలా కనబడ్డాయో.
నా కాపీ మూలన పెన్సిలుతో రాసుకున్నాను,
ఉరుకుందప్ప, పది సీసీలు, రోడ్డుకు బాకీ.
ఎగిరిపోకుండా దాని మీద
ముప్పై గ్రాములు తక్కువైన కిలో రాయి పెట్టాను.